గుహలకు ఇరవై ఐదు నిమిషాలు

మా చర్చి కార్యదర్శి గారికి ఒక జబ్బు ఉంది. ఏ పనికైనా కాగితం మీద గడులు గీసి టైములు వేసేస్తే ఆ పని అయిపోయినట్టే అనుకుంటారు. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసినదాన్ని, ఇలాంటి జబ్బు పెద్ద డాక్టర్లలో కూడా చూశాను. దానికి మందు లేదు.

మైలవరం అవతల ఒక పల్లెలో మా సంఘానికి చిన్న శాఖ ఉంది. అక్కడి పెద్దవాళ్లు ఐదుగురు, నలుగురు ఆడవాళ్లూ ఒక మగాయనా, ఒక్కరోజు తీరిగ్గా బెజవాడ చూడాలని అడిగారట. వాళ్లు బెజవాడ రాక కాదు. కంటి ఆపరేషన్లకు వచ్చారు, స్కానింగులకు వచ్చారు, పెన్షన్ కాగితాల కోసం వచ్చి వరండాల్లో నిలబడి వెళ్లారు. ఊరు చూడటానికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

పక్కన నర్సు ఉంటే మంచిదని కార్యదర్శి గారు భవానీపురంలో మా ఇంటికి వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టారు. ఏడింటికి బయలుదేరడం. కొండపల్లి కోట. అక్కడినుంచి నది దాటి ఉండవల్లి గుహలు, తొమ్మిది నలభై నుంచి పది అయిదు దాకా. తర్వాత మ్యూజియం, పడవ షికారు, నది ఒడ్డు పార్కు, షాపింగ్ మాలు, ఇంకా రెండేవో. మొత్తం ఎనిమిది. ఆ ఐదుగురిలో చిన్నావిడకు డెబ్బై ఒకటి. పెద్దావిడ రిటైరైన టీచరు, ఎనభై రెండు.

"కోట ఎక్కేదెవరండీ?" అని అడిగాను.

"వ్యాను పైదాకా వెళ్తుంది సిస్టర్."

"ఆపైన?"

"ఆపైన వ్యూ ఉంటుందండి."

ఆయనతో వాదించడం దండగ. నేనే చూసుకుంటానన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పని నాది, పేరు ఆయనది. అంతకంటే ఆయనకు కావలసిందేముంది?

ఎర్ర పెన్ను తీసుకుని ముందు కోట కొట్టేశాను. తర్వాత గుహలు, పడవ. మాలు మీద రెండుసార్లు గీత గీశాను. ముసలివాళ్లను తీసుకొచ్చి చొక్కాలు చూపించడమేమిటని నాకు ఒళ్లు మండింది. మిగిలినవి చూసి రావడానికి ఆటోలో రెండు రోజులు తిరిగాను. కొలబద్ద అక్కర్లేదు, నా మోకాళ్లున్నాయి.

మ్యూజియం ముందు తొమ్మిది మెట్లు, పక్కన ర్యాంపు. ర్యాంపు మీద ఒక మోటారు సైకిలు. వాచ్‌మన్ని అడిగితే, అది వాళ్ల సారుదనీ, ఎండకు సీటు కాలుతుందని అక్కడ నీడలో పెడతారనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. వీల్‌చైర్ ఉందా అంటే ఉందన్నాడు. చూపించాడు కూడా. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. విప్పితే మాసిపోతుందట. దాన్ని అలా కొత్తగా ఎవరి కోసం దాస్తున్నారో నాకు అర్థం కాలేదు.

నది ఒడ్డు పార్కు కాస్త నయం. నేల చదునుగా ఉంది, చెట్ల నీడ ఉంది, నీళ్లు కనబడతాయి. బెంచీలకు ఆనుకోవడానికి వీపు లేదు. పడుచు జంటలకు సరిపోతాయి, వాళ్లకు ఒకళ్ల భుజం ఒకళ్లకు ఉంటుంది. వృద్ధులకు ప్రత్యేకమని పెద్ద బోర్డు పెట్టిన మరుగుదొడ్డి కూడా ఉంది. దానికి తాళం. సూపర్‌వైజరుకు ఫోను చేస్తే, మీరు రండమ్మా, ఆ రోజు తీయించే బాధ్యత నాది, నేను చూసుకుంటానన్నాడు. 'నేను చూసుకుంటా' అన్నవాడు చూసుకోగా నేను నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. అయినా నమ్మాను. నమ్మకపోతే నా ప్లాను నిలవదు.

ప్లాను ఇదీ. పదింటికి పార్కులో కూర్చోవడం. పన్నెండున్నరకు గవర్నర్‌పేటలో మెట్లు లేని ఒక హోటల్లో భోజనం. తర్వాత మా ఇంట్లో ఒక కునుకు, టీ, తిరుగు ప్రయాణం. వ్యాను ఎక్కడానికి పీట కొన్నాను. వీపుకు ఐదు దిళ్లు సర్దాను. ఎవరు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసుకున్నాను. బెజవాడలో ఇంత బుద్ధిగా ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరని నాకు గట్టి అభిప్రాయం.

ఆ రోజు పార్కుకు వెళ్లేసరికి సగం గేటు మూసి ఉంది. మర్నాడు ఎవరో పెద్దమనిషి వచ్చి ఏదో ప్రారంభిస్తారట. పందిరి వేస్తున్నారు. వృద్ధుల మరుగుదొడ్డి తాళం తీసే ఉంది. లోపల ప్లాస్టిక్ కుర్చీలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. సూపర్‌వైజరు ఫోను స్విచ్ఛాఫ్.

టీచరమ్మ ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పొద్దున ఒంట్లో నీరు తగ్గే మాత్ర వేసుకుందని నా కాగితంలో ఉంది, అది వేసుకున్నవాళ్లు ఒంటికి వెళ్లకుండా ఆగలేరు. ఎందుకలా పట్టుకుందో నాకు తెలుసు. మా ఇల్లు పది నిమిషాలే, పోదామన్నాను.

"మీ ఇంటి బాత్రూం చూడ్డానికా అమ్మాయ్, మేం బెజవాడ వచ్చింది?" అంది. పిల్లలను బెంచీ ఎక్కించే గొంతు అది. "నడిచే మెట్లున్న షాపేదో ఉందంటగా. అక్కడికి పోదాం. ఈ పని అక్కడే చూసుకుంటా."

మిగతా నలుగురూ ఒక్కసారిగా తలూపారు. దారి పొడుగునా వాళ్లు మాట్లాడుకుంది ఆ మెట్ల గురించేనట. నేను అడగలేదు. రెండు రోజులు తిరిగి వాచ్‌మన్లను అడిగాను, సూపర్‌వైజర్లను అడిగాను. చూడబోయేవాళ్లను మాత్రం అడగలేదు. కార్యదర్శి గారికీ నాకూ తేడా పెన్ను రంగే అని అప్పుడు తట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనుకోండి.

మాలు తలుపు దగ్గర మెట్టు లేదు. లిఫ్టు ముందు కూర్చోవడానికి సోఫా. మరుగుదొడ్డిలో పొడి నేల, గోడకు పట్టుకునే కడ్డీ, తలుపు పట్టుకుని నిలబడడానికి ఒక మనిషి. టీచరమ్మ బయటికి వచ్చి, మా స్కూలు కంటే బాగుందంది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. మన డబ్బుతో శిలాఫలకాలు చెక్కించుకునేవాళ్లెవరికీ తట్టని సంగతి లాభం కోసం బట్టలమ్ముకునేవాడికి తట్టింది. ముసలివాళ్ల కాళ్లకు నొప్పి ఉంటుందని ఈ ఊళ్లో తెలిసినవాడు వాడొక్కడే.

చెప్పుల దుకాణంలో మెత్తటి బల్ల ఉంటే అందరం అక్కడ చేరాం. మాతో ఉన్న ఒకే ఒక్క పెద్దాయన జీవితమంతా పొలం పనే చేసినవాడు. వేళ్లు విచ్చుకుపోయి, మడమలు బీటలు వారిన పాదాలను బల్ల కిందికి లాక్కుంటున్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి, చూడండి తాతగారూ, కొనకపోయినా పర్లేదంటూ కింద కూర్చుని ఆయన పాదాన్ని కొలిచే పలక మీద పెట్టుకుంది. తొమ్మిది అని చెప్పింది. ఆయన చాలాసేపు ఆ పలక వంకే చూశాడు.

"నా కాలికో నెంబరుందని నాకు ఇయ్యాలే తెలిసిందమ్మా" అన్నాడు నాతో. "నేను ఎప్పుడూ మా ఊరి సంతలో దొరికిందే వేసుకున్నా."

ఆయన ఏమీ కొనలేదు. మేము లేచేదాకా ఆ పాదాలను మళ్లీ బల్ల కిందికి లాక్కోలేదు కూడా.

ఇక నడిచే మెట్లు. తుంటి విరిగిన ముసలివాళ్లను ఎంతమందిని చూశానో చెప్పి, వద్దన్నాను. టీచరమ్మ అంతా విని, ఒక పావుగంట పక్కన నిలబడి ఎక్కేవాళ్ల పాదాలనే చూసింది. పాఠం అర్థమైనట్టు తల పంకించి చేతికర్ర నాకిచ్చింది. నేను ఒక మెట్టు వెనక నిలబడి ఆమె నడుము దగ్గర చీర గుప్పిట్లో పట్టుకున్నాను. పైన ఆమె తడబడకుండా దిగింది. తడబడింది నేను. నా చెప్పు జారిపోయింది.

గవర్నర్‌పేట భోజనం తప్పిపోయింది. పై అంతస్తులో ఇడ్లీలు తిన్నాం, చల్లగా ఉన్నాయి. వాటిని తిట్టుకుంటూ అందరూ హాయిగా తిన్నారు. నాలుగింటికి వ్యాను ఎక్కారు.

ఆదివారం ఆరాధన తర్వాత కార్యదర్శి గారు లేచి, కమిటీ రూపొందించిన ప్రణాళిక ప్రకారం వృద్ధుల విహారం విజయవంతమైందని చదివారు. కోటా, గుహలూ కూడా చదివేశారు. పాత కాగితమే తెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి నిజం చెబుదామనుకున్నాను. కానీ ఆయన ముఖంలో అనుమానపు నీడ కూడా లేదు. ఆయన నిజంగానే ఆ ఎనిమిదీ మేము చూశామని నమ్ముతున్నారు. అలాంటివాళ్లతో ఏం మాట్లాడతాం?

మొన్న టీచరమ్మ ఫోను చేసింది. మళ్లీ వస్తారట. ఈసారి గన్నవరంలో విమానాలు దిగడం చూడాలట. ఈమారు బుద్ధి వచ్చి, ఐదుగురినీ విడివిడిగా అడిగాను. నలుగురికి విమానాలు కావాలి. పెద్దాయన మాత్రం రానన్నాడు. మినుములు తీసే రోజులట.