కర్నూలు పోయే పక్క

వానలు వెళ్లాక గన్నేర్లను మొదటిసారి కత్తిరించే రోజు ఇవాళ. పచ్చి కొమ్మల చేదు వాసన ముక్కుకు తగలగానే సాయమ్మ గుర్తొచ్చింది. ఇంటర్ తప్పి కూలికి వచ్చిన నన్ను మనిషిని చేసిన మేస్త్రి ఆమె.

ఎర్రవల్లి చౌరస్తా నుంచి బీచుపల్లి వంతెన దాకా హైవే నడుమ మొక్కలన్నీ మా పదిమంది ఆడవాళ్లవే. సాయమ్మకు అక్షరం రాదు గానీ అంకెలు కొట్టినపిండి. రోడ్డుకు నలభై నాలుగు అని కొత్త నంబరు వచ్చి ఏళ్లయినా ఆమెకు అది ఏడో నంబరే. రోజూ పని మొదలుపెట్టే ముందు నన్నడిగేది, "యాడున్నం పిల్లా?"

"బీచుపల్లి కాడ."

"గట్లంటే ఎవనికి తెలుస్తదే? కిలోమీటరు రాయి మీది నంబర్ చెప్పు. కర్నూలు పోయే పక్కనా, హైదరాబాద్ పోయే పక్కనా, అది చెప్పు."

ముసలామె చాదస్తం అనుకుని నవ్వేదాన్ని. నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని కదా, ఆ పొగరు.

ఒక మధ్యాహ్నం మేం రోడ్డు పక్కన అన్నం తిని లేస్తుండగా, అదుపు తప్పిన లారీ చక్రం సాయమ్మ కాలి మీదుగా పోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. రాయి నంబరు సరిగ్గానే చెప్పాను. ఏ పక్క అంటే "ఎడమ పక్క" అన్నాను. నా ముఖం కర్నూలు వైపుంది. వాళ్లేమో అలంపూర్ వైపు నుంచి, నాకు ఎదురుగా వస్తున్నారు, వాళ్ల ఎడమ వేరు. మేం ఏపుగా పెంచిన గన్నేర్ల అవతల నుంచి సైరన్ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. నేను అరుస్తూ పరుగెత్తినా ఎవరికీ కనిపించలేదు. వాళ్లు ఎక్కడో యూటర్న్ తీసుకుని వచ్చేసరికి ఆమె చీర రక్తంతో తడిసిపోయింది.

ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటేనా అన్నాడు డాక్టరు. వనపర్తి దవాఖానలో ఆమె మంచం పక్కన తలెత్తలేక కూర్చున్నాను.

చూడటానికి వచ్చిన కాంట్రాక్టరు, ఇక మేస్త్రిగా ఎవరిని పెట్టమంటావని అడిగాడు. సాయమ్మ నన్ను చూపించింది.

"గీ పిల్లను పెట్టు సారూ."

"ఈమె తప్పు చెప్పబట్టే కదమ్మా ఇట్లయింది?"

"అందుకే పెట్టమంటున్న. ఇగ జన్మల ఆ తప్పు చెయ్యది."

నేను బోరుమన్నాను. ఆమె నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత బరువు దిగేదేమో.

ఇప్పుడు రోజూ పొద్దున మా వాళ్లను రాయి దగ్గర నిలబెట్టి అదే అడుగుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఇన్నేళ్లలో మావాళ్ల కోసం అంబులెన్సు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేరుగా మా పక్కకే వచ్చింది. ఈ మాట సాయమ్మకు చెప్పాలని ఉంటుంది. చెబుదామంటే ఆమె లేదు.