గవ్వల కోసం గోతాం

నవ్వుకోండి, పర్వాలేదు. కొత్తపట్నం బీచికి పెళ్ళాం పిల్లలతో సరదాగా వెళ్ళి, నలుగురం ఏడుస్తూ తిరిగొచ్చిన ఘనత మా వంశంలో నా ఒక్కడిదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మిరపకాయలు అమ్మేసి కాస్త తీరిక చిక్కింది. బళ్ళో చదివే మా అమ్మాయి స్వాతి, సముద్రానికి వెళ్తున్నామని తెలియగానే క్లాసులో అందరికీ తలో గవ్వ తెస్తానని చాటింపు వేసి వచ్చింది. అన్ని గవ్వలు దేంట్లో తేవాలి? మనకు సంచులకేం కరువు! మిరపకాయల గోతాం ఒకటి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

"దులిపారా?" అంది మా ఆవిడ.

"దులపకుండా తెస్తానా? నన్నేమనుకున్నావే?"

దులపలేదండీ. బద్ధకం.

బీచిలో పిల్లలు వంచిన నడుం ఎత్తలేదు. ఎండెక్కేసరికి గోతాం అడుగంతా గవ్వలే. మావాడు బుజ్జి అందులో చెయ్యి పెట్టి కెలికి, అదే చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"నాన్నోయ్! కళ్ళు మండుతున్నాయ్!"

"ఏం కాదురా, సముద్రంలో కడుక్కో, పోద్ది!"

కారం మీద ఉప్పునీళ్ళు! వాడి కేకలకు ఊరంతా పోగయ్యేలా ఉంది.

"దులిపానన్నారుగా?" అంది మా ఆవిడ.

"ఇప్పుడు దులుపుతా చూడు" అన్నాను పౌరుషంగా. గవ్వలు నీళ్ళ అంచున కుమ్మరించి, గోతాం తిరగేసి, బలమంతా పెట్టి విదిలించాను. ఏటేటా కళ్ళంలో తూర్పారబట్టేవాణ్ణి, గాలి ఎటుందో చూసుకోవద్దూ? ఆ కారమంతా మా మొహాల మీద పడి, వెనక పులిహోర తింటున్న ఎవరో పెద్దమనిషి విస్తట్లోకి వెళ్ళింది.

"ఏమయ్యా, బుద్ధుందా? మనుషులు కనపడట్లా?"

"నాకేమీ కనపడట్లేదు బాబూ!" అన్నాను, కళ్ళు మూసుకుని.

తెరిచి చూస్తే ఏముంది! ఈలోగా ఓ పెద్ద అల వచ్చి వెళ్ళింది. ఒక్క గవ్వ మిగల్లేదు.

స్వాతి ఇసకలో కూలబడింది. "అందరికీ ఇస్తానని చెప్పాను నాన్నా. రేపు బడికెట్లా వెళ్ళను?"

నా కళ్ళ మంట సంగతే మర్చిపోయాను. ఆ పిల్ల మొహం చూస్తే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక గోతాం మూలలన్నీ తడిమితే, కుట్టులో ఇరుక్కుని ఒకే ఒక్క శంఖం దొరికింది.

"ఇది మీ హెడ్మాస్టరుగారికివ్వమ్మా. ఆయనకిస్తే బడి అంతటికీ ఇచ్చినట్టే" అన్నాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు స్వాతి ఎగురుకుంటూ వచ్చింది.

"హెడ్మాస్టరుగారికి నచ్చిందా తల్లీ?"

"నచ్చింది నాన్నా! ప్రార్థన దగ్గర అందర్నీ నిలబెట్టి, ఊదుతానని నోట్లో పెట్టుకున్నారు. గట్టిగా ఊపిరి లాగారు..."

శంఖం కూడా దులపలేదని అప్పుడు గుర్తొచ్చింది. "ఆ తర్వాత?"

"ఆయన మాట్లాడలేక లెక్కల మాస్టారికిచ్చారు. ఆయన వాసన చూశారు. తర్వాత తెలుగు టీచరుగారు లోపలేముందోనని మా మీదకి విదిలించారు. అందరికీ అందింది నాన్నా! బడి వదిలేశారు. రేపు నిన్ను తీసుకురమ్మన్నారు."

సూర్యభగవానుడి సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో గోతాంతో సముద్రానికి వెళ్ళను. మా ఆవిడ మాత్రం ఈనాటికీ నా మీద నమ్మకం పెట్టుకోలేదు. బజారునుంచి కొత్త చీర తెచ్చి చేతికిచ్చినా ముందు అదే అడుగుతుంది.

"దులిపారా?"