నేను చప్పట్లు కొట్టిన రోజు

మా కోలాటం జట్టులో పన్నెండు మంది ఆడవాళ్లం. అందరిదీ జమ్మలమడుగే. మాకు కోపులు, అంటే కోలాటంలో వేసే ఆటల వరసలు, నేర్పింది మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క. యాభై దాటినా పగలంతా మిషన్ తొక్కి, సాయంత్రం మాతో పాటు గంటసేపు ఎగిరేది. ఎవరైనా అడుగు తప్పితే ఊరుకునేది కాదు. "కాళ్లు యాడ పెడతాండావు మే? ఇంట్లో మర్చిపోయి వచ్చినావా?" అని అందరి ముందే అరిచేది.

ఆ ఏడు గండికోట మీద జరిగే ఉత్సవానికి మమ్మల్ని పిలిచారు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి లోయ చూడడానికి వచ్చినవాళ్లు కూడా చుట్టూ నిలబడి ఫోన్లలో తీస్తున్నారు. అందరం ఒకే రంగు పసుపు చీరలు కట్టుకున్నాం. నాలుగు గంటల ఎండకు రాళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి.

మేం రెండో కోపులో ఉండగా జీపులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. కమిటీవాళ్లు లేచి శాలువా కప్పారు. మా ఆట చూసి ఆయనకు హుషారు పుట్టినట్టుంది. కోపు ముగియగానే నడుములోంచి పిస్తోలు తీసి ఆకాశంలోకి కాల్చాడు. కోటగోడలు ఆ చప్పుడును రెండింతలు చేశాయి. జనం ఈలలు వేశారు. నేను కోలలు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాను.

ఈ మాట రాయడానికి నాకు చాలాకాలం పట్టింది. ఎందుకంటే నేను ఆ చప్పుడు తెలియనిదాన్ని కాదు. మా పుట్టింటి పల్లెలో నా చిన్నప్పుడు ముఠా కక్షల్లో బాంబు పేలితే మా అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసి, తాను అడ్డంగా కూర్చునేది. ఎంత దూరంలో పేలిందో వినే చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు పదిమందిలో, మంచి చీర కట్టుకుని ఉన్నాననేమో, నాకు భయమే వేయలేదు. పండగలో అదీ ఒక ముచ్చట అనుకున్నాను.

రెండోసారి కూడా పైకే కాల్చాడు. చెయ్యి దించుతుండగా మూడోది పేలింది. తూటా బండకు తగిలి ఎగిరింది. అక్క ఉన్నట్టుండి కింద కూర్చుంది. కాలు పట్టేసిందేమో అనుకుని నవ్వుతూ దగ్గరికి వెళ్లాను. మోకాలి కింద చీర ఎర్రగా తడుస్తోంది.

ఆమెను కిందికి తీసుకెళ్లడానికి దగ్గర్లో ఉన్నది ఆయన జీపే. వెనక సీట్లో అక్క కాలు నా ఒళ్లో పెట్టుకుని, టవలు గట్టిగా చుట్టి పట్టుకున్నాను. ఆయన ముందు కూర్చున్నాడు. పిస్తోలు మళ్లీ నడుముకే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి, "సంతోషంలో కాల్చినాక్కా, సంతోషంలో కాల్చినా" అంటున్నాడు.

అక్క పళ్లు బిగబట్టి అంతా విని చివరికి అంది: "నీ సంతోషానికి నా కాలు కావల్సొచ్చిందేందప్పా?"

ఆయన ముందుకు తిరిగి, బండి తొందరగా పోనీమన్నాడు.

జమ్మలమడుగులో కట్టుకట్టి ప్రొద్దుటూరు పంపించారు. ఆపరేషన్ అయ్యాక, పోలీసులకంటే ముందు కమిటీ పెద్దలిద్దరు వచ్చారు. "టపాకాయ పేలి రాయి తగిలిందని చెప్తే సరిపోతాది మా. నలుగురూ వచ్చే చోటు, పేరు చెడిపోతాది" అన్నారు. ఇంటి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "మనకెందుకు మే? నువ్వేం చూడల్యా అను" అన్నాడు. అక్క నా వైపు చూసి కళ్లు మూసుకుంది.

కానిస్టేబుల్ వచ్చి అడిగితే, చూశానని చెప్పాను. మూడుసార్లు కాల్చాడని చెప్పాను.

"అప్పుడు నువ్వేం చేస్తాంటివి?" అన్నాడు.

"చప్పట్లు కొడతాంటి సార్."

అతను పెన్ను ఆపి నన్ను చూశాడు. తర్వాత అదీ రాసుకున్నాడు. మా ఆయన నాతో పదిరోజులు సరిగా మాట్లాడలేదు.

అక్క లేచి నడవడానికి ఆరు నెలలు పట్టింది. కుంటు మాత్రం ఉండిపోయింది. మిషన్ తొక్కలేక మోటారు పెట్టించుకుంది. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు ఇద్దరం కలిసే వెళ్లి వస్తుంటాం.

మరుసటి ఏడు కమిటీవాళ్లు మళ్లీ పిలవడానికి వచ్చారు. అక్క కుట్టడం ఆపకుండానే, "పిస్తోళ్లున్నోళ్లు కిందనే ఇచ్చి రావల్ల. అట్లయితేనే వస్తాం" అంది.

"పెద్దోళ్లను అట్లెట్లా అడిగేది మా?"

"అట్లయితే ఆ పెద్దోళ్లనే కోలాటం ఎయ్యమనండి."

వారం ఆలోచించుకుని ఒప్పుకున్నారు. దారిలో పోలీసులు నిలబడి వచ్చిన ప్రతి బండినీ ఆపి చూశారు. ఆ ఏడు జీపులు తక్కువే వచ్చాయి. మా వల్ల ఉత్సవం కళ తప్పిందని ఒకరిద్దరు మా ముందే అన్నారు. అక్క కుర్చీలో కూర్చుని తాళం వేసింది, మేం ఆడాం. నాకు రెండుసార్లు అడుగు తప్పింది. ఆమె చూసి కూడా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

తర్వాత కొద్దిరోజులకు ఒక మధ్యాహ్నం నేను అక్క దగ్గర కూర్చుని ఉన్నప్పుడు, ఒకావిడ జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. మా వీధి మనిషి కాదు. గుడ్డ చేతికివ్వకుండా చాలాసేపు నిలబడింది. చివరికి తాను ఆ పెద్దమనిషి భార్యనని చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. కేసు మాట ఎత్తుతుందనుకున్నాను.

ఆమె ఎత్తలేదు. "ఆ పిస్తోలు పోలీసోళ్లు తీసుకపోయినారక్కా" అంది. "పెండ్లయి ఇరవయ్యేండ్లు. రోజూ దిండు కిందనే పెట్టుకునేటోడు. ఈ మధ్యనే నాకు బాగా నిద్ర పడతాంది. ఈ మాట నీకు చెప్పల్లనిపించింది."

అక్క ఏమంటుందోనని చూశాను. ఆమె మిషన్ మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి, మెడలోని టేపు తీసింది.

"చేతులెత్తు మా, కొలత తీసుకుంటా" అంది.