కొత్తక్క పగటి డ్యూటీ

ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో తెల్లారితే పొయ్యి దగ్గర నిలబడేది కోడలు. వండి, డబ్బా సర్ది, మూత బిగించి, గుమ్మం దాకా వెళ్ళి మొగుడి చేతికిచ్చేది. ఆయన వ్యాను డ్రైవరు. డబ్బా అందుకుని "వస్తా మరి" అనేవాడు. అంతకు మించి పొద్దున్నే ఇద్దరి మధ్యా మాటలుండేవి కావు. ఇప్పుడు పొయ్యి దగ్గర అత్తగారు నిలబడుతోంది. చెప్పులేసుకుని గుమ్మంలో చెయ్యి చాపేది కోడలు. "వస్తా మరి" అనేదీ ఆమే.

"కూరలో ఉప్పు చూసుకోలేదు. తక్కువైతే తక్కువైందని అక్కడ నలుగురి ముందూ అనకు," అంటుంది అత్తగారు.

"ఎక్కువైతే అనొచ్చా?"

"ఎక్కువైతే అసలే అనకు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలి."

ఈ మాత్రం వేళాకోళం ఆ ఇంట్లోకి మళ్ళీ రావడానికి చాలా కాలమే పట్టింది. ఆయన గుండెపోటుతో ఉన్నట్టుండి పోయాక, కొన్నాళ్ళు కోడలు అలవాటు కొద్దీ లేచి డబ్బా సర్దేసేది. సర్దాక గుర్తొచ్చేది. అప్పుడు అత్తగారు చప్పుడు చెయ్యకుండా వచ్చి, ఆ డబ్బా విప్పి, ముగ్గురి కంచాల్లోకీ పంచేసేది. మూడో మనిషి మనవరాలు. హైస్కూల్లో ఆఖరి ఏడు చదువుతోంది. ముగ్గురూ తలొంచుకుని తినేవాళ్ళు.

ఆయన జీతం ఆగిపోయింది గానీ ఇంటద్దె ఆగలేదు. ఆరో క్లాసుతో బడి మానేసిన కోడలికి ఎవరు పనిస్తారు? ఆ వీధిలోనే ఉండే ఒకావిడ ఊరి చివర గోడౌనులో పని చేస్తోంది. బక్కపల్చగా ఉండి ఒక్కచోట నిలబడదు కాబట్టి అందరూ ఆవిణ్ణి గాలిపటం అంటారు. ఆవిడే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. గేటు దగ్గర కాంట్రాక్టరు మనిషి చదువు సంగతే ఎత్తలేదు.

"బరువులు ఎత్తగలవా?" అన్నాడు.

"నీళ్ళ బిందెలు ఎత్తాను. పిల్లని ఎత్తుకున్నాను. మా అత్తగారికి కాలు విరిగినప్పుడు ఆవిణ్ణీ ఎత్తాను."

"చాల్లే. రేపట్నుంచి రా."

ఆ రోజు నుంచీ ఆమె కొత్తక్క అయింది. తర్వాత ఇంకా కొత్తవాళ్ళు వచ్చి పాతబడ్డారు గానీ ఆ పేరు మాత్రం ఆమెనే పట్టుకుని వేలాడింది.

గోడౌను లోపల మూడంతస్తుల మేడంత ఎత్తు. నిలువెల్లా ఇనప అరలు. ఒక పక్క వరసగా తలుపులు. లారీలు వెనక్కి వచ్చి ఆ తలుపులకి వీపు ఆనించి నిలబడతాయి. ఎక్కడ చూసినా అట్టపెట్టెల వాసన, ప్లాస్టిక్ కాగితం చింపే చప్పుడు. పని చెప్పుకోవడానికి తేలిక. లారీలోంచి పెట్టెలు దించాలి, చెక్కబల్ల మీద పేర్చాలి, కదలకుండా చుట్టూ ప్లాస్టిక్ చుట్టాలి, చేతి ట్రాలీతో అరల దాకా లాగాలి. చెయ్యడానికే నడుముండాలి.

జీతం సంగతి గాలిపటమే చెప్పింది, భోజనాల గదిలో.

"ఇక్కడ జీతమంటే ఒక్క ముద్ద కాదక్కా, పది మెతుకులు ఏరుకోవాలి. మొదటి మూడు నెలలూ అందరికంటే కింది మెట్టు. రాత్రి డ్యూటీ చేస్తే పైన కొంత. చలిగదిలో చేస్తే ఇంకొంత, ముక్కు కారినా కారకపోయినా. నెలంతా ఒక్క పూట మానకపోతే హాజరు డబ్బులు. మన గుంపు రోజూ ఇన్ని పెట్టెలని చెప్పిన దానికంటే ఎక్కువ దించితే, ఆ పైన వచ్చేది అందరం పంచుకుంటాం. కాంట్రాక్టరు ముందే తన వాటా తీసేసుకుంటాడనుకో."

"మరి అందరికంటే ఎక్కువ బరువు మోసేవాళ్ళకి?"

"వాళ్ళకి నడుం నొప్పి."

కొత్తక్కకి నవ్వొచ్చింది. పొలమారింది కూడా.

"నవ్వుతావేం? బరువుకే జీతమిస్తే గాడిద ఈపాటికి మేడ కట్టేసేది. గేటు బయట ఎంతమంది నిలబడతారో చూస్తున్నావుగా. నువ్వు మానేస్తే మధ్యాహ్నానికి ఇంకొకరు. దొరకని మనిషికే ఇక్కడ ధర. అదిగో, లిఫ్టు బాబాయ్‌ని చూడు. పొద్దుణ్ణుంచీ కూర్చునే ఉంటాడు."

లిఫ్టంటే ముందు రెండు ఇనప పళ్ళున్న బండి. చెక్కబల్లని పెట్టెలతో సహా ఎత్తి పై అరలో పెడుతుంది. దాన్ని నడిపే నెరిసిన మీసాల మనిషి అవతలి బల్ల దగ్గర తింటున్నాడు.

"ఆయన కూర్చునే ఉంటాడు," అంది గాలిపటం. "కానీ ఆయన మానేసిన రోజు గోడౌనంతా కూర్చుంటుంది."

కొత్తక్క ఏకంగా తన గుంపు మొత్తానికి రావాల్సిన డబ్బులు పోగొట్టిందీ ఆ రోజుల్లోనే. సబ్బుల పెట్టెలు దిగాయి. ప్రతి పెట్టెకీ ఒక పక్క అందమైన పూల బొమ్మ, రెండో పక్క గీతల చీటీ. ఆ చీటీకి మిషను చూపిస్తేనే పెట్టె లెక్కలోకి ఎక్కుతుంది. కొత్తక్కకి పని అప్పజెప్పి అందరూ రెండో లారీకి పోయారు. వంటింట్లో డబ్బాలు పేర్చుకున్న చెయ్యి కదా, పువ్వులన్నీ బయటికి కనపడేలా ముచ్చటగా పేర్చింది. చీటీలన్నీ లోపలికి పోయాయి. పైన ప్లాస్టిక్ కూడా బిగించేసింది. అలాంటి బల్లలు నాలుగు తయారయ్యాక చూశారు. అన్నీ విప్పి మళ్ళీ పేర్చేదాకా లారీ వాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ రోజు పంచుకోవడానికి గుంపుకి ఏమీ మిగల్లేదు.

"ఏమక్కా, ఫోటో దిగడానికి నిలబెట్టావా వాటిని?" అంది గాలిపటం. మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది కొత్తక్కకి.

లిఫ్టు బాబాయ్ మాత్రం విప్పకముందు ఆ బల్లల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

మూడు నెలలు నిండాయి. సూపర్‌వైజరు పిలిచాడు. కుర్రాడే గానీ మన్ననగా మాట్లాడతాడు.

"రాత్రి డ్యూటీలో ఒక చోటు ఖాళీగా ఉంది కొత్తక్కా. అందులో చేరిన రోజునుంచే జీతం పెరుగుతుంది. పగలే ఉంటానంటే పెద్దగా పెరగదు. శనివారంలోగా చెప్పండి."

ఎగిరి గంతెయ్యాల్సిన మాట. పగటి జీతంతో అద్దె కట్టాక చేతిలో గాలే మిగులుతోంది. కానీ కొత్తక్కకి ఒకనాటి సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు లారీలు ఆలస్యమై ఇల్లు చేరేసరికి బాగా పొద్దుపోయింది. పిల్ల పుస్తకం మీదే నిద్రపోయింది. అత్తగారు వీధి తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చునుంది. "నేను తినేశాలే, నువ్వు తిను," అంది. మూత తీసి చూస్తే కూర గిన్నెలో గరిటె పడిన జాడే లేదు.

కొడుకు ఇంటికొచ్చే వేళ అది. ఆయన పోయినప్పట్నుంచీ ఆ వేళకి ఆవిడ వీధి తలుపుకేసి చూస్తూ కూర్చుండిపోతుంది. కోడలు తలుపు తీసుకుని లోపలికొస్తేనే కుర్చీలోంచి లేస్తుంది. పక్కన కూర్చుంటేనే నాలుగు ముద్దలు దిగుతాయి. రాత్రి డ్యూటీ అంటే సరిగ్గా ఆ వేళకే కొత్తక్క చెప్పులేసుకోవాలి.

గోడౌనులో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే లిఫ్టు బాబాయ్ వచ్చాడు.

"పగలు లిఫ్టుకి ఇంకో మనిషి కావాలంటున్నారమ్మా. బయటివాణ్ణి తెస్తే ఎక్కువ ఇవ్వాలని లోపలివాళ్ళకే నేర్పిస్తారట. నీ పేరు చెప్పనా?"

"నా పేరా? నాకు సైకిలే రాదు బాబాయ్."

"మంచిదేగా. సైకిలొచ్చినవాడు దీన్నీ సైకిల్లాగే తోలుతున్నాడు." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఆ సబ్బుల పెట్టెలు చూశాన్లే. చీటీ సంగతి తెలీక తప్పు చేశావు గానీ, ఒక్క బల్లా వంకర లేదు. బరువు ఎటు తూగుతుందో నీ చేతికి తెలుసు. మిగతాది నేను చెప్తా."

నేర్చుకునే నెలంతా కింది మెట్టు జీతమే. గుంపు డబ్బుల్లో వాటా ఉండదు. పరీక్ష పాసైతే లిఫ్టు కార్డు ఇస్తారు, కాంట్రాక్టరు చేతిలోంచి తీసి కంపెనీ మనిషిని చేస్తారు. తప్పితే మళ్ళీ పెట్టెలే. ఈలోగా రాత్రి చోటు ఎవరో ఎగరేసుకుపోతారు.

ఇంట్లో చెప్పింది.

"రాత్రికే పో," అంది అత్తగారు. "నా తిండి గురించి నీకెందుకు? నేనేమన్నా పసిపిల్లనా?"

"నానమ్మా, నువ్వు తింటానని చెప్పి తినవు," అంది మనవరాలు.

"నీ చదువు నువ్వు చదువుకో. మీ అమ్మ ఆ ఏనుగుని నడుపుతుందా? కాపరానికొచ్చిన కొత్తలో మిక్సీ స్విచ్చి వెయ్యడానికి నన్ను పిలిచిన మనిషి."

"ఇప్పుడు నేనే వేస్తున్నాగా అత్తయ్యా," అంది కొత్తక్క. శనివారం వెళ్ళి లిఫ్టు నేర్చుకుంటానని చెప్పేసింది.

ఆ నెల ఇంట్లో నూనె చుక్క కూడా చూసి చూసి పడింది. అయినా ఆ నెలంత సందడి ఆ ఇంట్లో చాన్నాళ్ళుగా లేదు. సాయంత్రం రాగానే కొత్తక్క గదికీ వంటింటికీ మధ్య ఇరుకు నడవలో కుర్చీ వెనక్కి లాక్కుంటూ నడిచేది. బండి వెనక్కి తిప్పడమే ఆమెకి కొరుకుడు పడలేదు. కూతురు "కుడికి, కుడికమ్మా, నీ కుడి!" అని అరిచేది. ఒకరోజు అత్తగారు గిన్నె పట్టుకుని అడ్డంగా నిలబడిపోయింది.

"మనిషిని నిలబడ్డాను. హారన్ ఏదీ?"

"పాం," అంది కొత్తక్క.

"అంత మెల్లిగా కొడితే చెవిటిదాన్ని, నాకేం వినపడుతుంది? గట్టిగా!"

"పాఁఁం!"

అత్తగారు పక్కకి తప్పుకుంది, రాణీగారికి దారిచ్చినట్టు.

పరీక్ష రోజు పై ఆఫీసు నుంచి ఒకాయన వాచీ చూసుకుంటూ వచ్చాడు. నూనె డబ్బాల బల్లని మూడో అరలో పెట్టి, అక్కడున్న ఇంకో బల్ల దించి లారీ తలుపు దగ్గర పెట్టాలి. కొత్తక్క ప్రతి మలుపులోనూ హారన్ కొట్టింది, మనిషి ఉన్నా లేకపోయినా. అర దగ్గరికొచ్చి ఎత్తడం మొదలుపెట్టింది. బల్ల భుజం ఎత్తు దాటేసరికి ఎడం పక్కకి రవ్వంత ఒరిగినట్టనిపించింది. చూసేవాళ్ళకి తెలిసేది కాదు. ఆమె చేతికి తెలిసింది. ఆపేసింది. మొత్తం కిందికి దించింది. బండిని వెనక్కి తీసి, సరిచేసి, మళ్ళీ పళ్ళు లోపలికి పోనిచ్చింది. పెట్టెల చాటునుంచి చూస్తున్న గాలిపటం రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

దిగాక పై ఆఫీసాయన అడిగాడు, "మధ్యలో దించేశారేం?"

"వంకరగా లేచింది సార్. పైదాకా పోనిస్తే భయమేసింది."

"టైం పోయింది కదా."

"పోయింది సార్." అద్దె, నూనె, పోయిన రాత్రి చోటు అన్నీ ఒక్కసారి కొత్తక్క కళ్ళముందు తిరిగాయి.

లిఫ్టు బాబాయ్ తనలో తను అనుకుంటున్నట్టు అందరికీ వినపడేలా అన్నాడు: "పోయిన్నెల పైనుంచి ఒక బల్ల జారి కింద పడ్డ నూనె తుడవడానికి ఒక పూట పట్టింది. అది ఏ వాచీలో చూసుకోవాలో?"

సూపర్‌వైజరు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పై ఆఫీసాయన కూడా నవ్వాపుకోలేకపోయాడు. "సరే, స్పీడు మెల్లిగా అదే వస్తుంది. కార్డు ఇద్దాం. ఒకటో తారీకు నుంచి కంపెనీ జీతం," అన్నాడు.

రాత్రి లిఫ్టు నడిపేవాళ్ళకంటే పిసరు తక్కువే అది. నిన్నటి దాకా వచ్చిన దానికంటే బాగా ఎక్కువ. అద్దె కట్టాక ఊపిరి పీల్చుకునేంత.

"అయితే ఇంక నువ్వూ పొద్దుణ్ణుంచీ కూర్చునే ఉంటావన్నమాట," అంది గాలిపటం, వీపు మీద ఒక్కటి చరిచి.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అత్తగారు తలుపుకి ఎదురుగా కుర్చీలో ఉంది. కొత్తక్క చెప్పులు విప్పకుండానే చెప్పేసింది.

"అయితే రాత్రి డ్యూటీ లేదన్నమాట."

"లేదత్తయ్యా."

"ఎప్పటికీ లేదా?"

"ఎప్పటికీ సంగతి ఎవరికి తెలుసు? ఇప్పటికైతే లేదు."

ఆవిడ లేచి కంచాలు పెట్టింది. తను కూడా వడ్డించుకుంది. సగం తిన్నాక గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకోసారి వేసుకుంది. కొత్తక్క చూడనట్టు తన కంచంలోకే చూసుకుంటూ తింది.

తిన్నాక ముగ్గురూ వెనక తలుపు దగ్గర చతికిలబడ్డారు. పెరట్లో తీగ మీద పొద్దున ఆరేసిన బట్టలున్నాయి. పిల్ల స్కూలు బట్టలు, దుప్పటి, కొత్తక్క గోడౌను చొక్కా. గాలి లేచింది.

"వీడు నీ బండి లాంటిది చూస్తే వదిలేవాడు కాదు," అంది అత్తగారు ఉన్నట్టుండి.

వీడు అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయన పోయాక ఆవిడ నోట ఆయన మాట ఏడుపుతో తప్ప రాలేదు. ఇప్పుడు పెదాలు నవ్వుకి ఒంపు తిరిగి ఉన్నాయి.

"చిన్నప్పుడు వీడేం చేశాడో తెలుసా? మా ఎదురింటాయనకి ఒక నల్ల కుక్క ఉండేది. గోడలకి సున్నం వేయిస్తున్నాం. మిగిలిన సున్నం ఊరికే పోతుందని వీడు ఆ కుక్కకి వేసేశాడు. నిలువెల్లా, తోకతో సహా!"

"కుక్క ఊరుకుందా?" అంది మనవరాలు.

"ఊరుకుందిట. వీడి దగ్గర అన్నీ ఊరుకునేవి. అది తెల్లగా ఇంటికెళ్తే ఎదురింటాయన కర్ర తీసుకుని, ఎవరిదో దిక్కుమాలిన కుక్క వచ్చిందని వీధి చివరిదాకా తరిమాడు. మళ్ళీ తనే వీధంతా తిరుగుతూ 'మా నల్లది కనిపించిందా' అని అడుగుతున్నాడు. ఆ తెల్లది ఆయన వెనకాలే నడుస్తోంది!"

మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారు కళ్ళు తుడుచుకుంది గానీ కథ ఆపలేదు.

పెరట్లో టప్పున ఒక చినుకు పడింది. తర్వాత ఇంకొకటి. పిల్ల బట్టల వైపు చూసి లేవబోయింది. కొత్తక్క దాని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. దుప్పటి మీద చినుకుల మచ్చలు ఒక్కొక్కటే ముదురుతున్నాయి. తనూ లేవలేదు.

"తర్వాత ఏమైంది అత్తయ్యా?" అంది.