చేతులు ఒళ్ళో పెట్టుకో

కరీంనగర్ కాలేజీలో నేను బి.ఏ. చదివిన రోజుల్లో సైకాలజీ కొత్త సబ్జెక్టు. కోరి తీసుకున్నవాళ్ళు తక్కువ. నేను కోరే తీసుకున్నాను. మనిషి మనసు గురించి ఒక శాస్త్రం ఉందంటే, అది చదివినవాడు ఎవరినీ నొప్పించడని అప్పట్లో అనుకునేవాణ్ణి.

లెక్చరర్ కోస్తా వైపు మనిషి. బాగా చెప్పేవాడు. మా మాట వింటే మాత్రం నవ్వొచ్చేది ఆయనకు. ఎవరైనా "వాడు రాలే సార్" అంటే, "రాలేదు అనండి నాయనా, మిగతా ముక్క ఊళ్ళో మరిచిపోయి వచ్చారా?" అనేవాడు.

దసరా సెలవులకు ముందు మాకు సైక్లోస్టైల్ చేసిన నాలుగు కాగితాలు ఇచ్చాడు. పిల్లల తెలివిని కొలిచే ప్రశ్నలు. ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని తెలుగు చేసుకుని, ఇంట్లో ఒక పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టి అడిగి, జవాబులను బట్టి మానసిక వయస్సు లెక్కగట్టి, రికార్డులో రాయాలి. పేరు రాయకూడదు, సబ్జెక్ట్ అని రాయాలి. జవాబు అందించకూడదు. సబ్జెక్ట్ కదలకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి.

మా ఇల్లు మెట్‌పల్లిలో. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు ఒక మగ్గం నేసేవాడు. రెండో మగ్గం తాత పోయినప్పటి నుంచి ఖాళీగా ఉంది. అవ్వ దాని మీద కూర్చోగలదు. కానీ అప్పుడు రెండు మగ్గాలకూ నూలు కండెలు చుట్టడానికి రోజంతా రాట్నం ముందు ఒక మనిషి కావాలి. ఆ మనిషి నా చెల్లె కావాలి, లేదా నేను కాలేజీ మానేసి వచ్చి మగ్గమెక్కాలి. చెల్లెకు పదకొండేళ్ళు, ఆరో తరగతి. బాపు ఎండాకాలంలోనే చెప్పాడు.

"ఇద్దరు సదువుకుంట కూసుంటే నడ్వదు కొడుకా. దసరాకు నువ్వొచ్చినంక సూద్దాం, ఎవలు మానాల్నో."

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నప్పుడు ఆ మాట నాకు గుర్తుంది. ఇది ముందే చెప్పుకోవాలి.

చెల్లె చదువంతా రాట్నం దగ్గరే సాగింది. ఎక్కాలు నేనే నేర్పాను. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి నూలు వదులుతూ పంతొమ్మిదో ఎక్కం గుక్కతిప్పుకోకుండా చెప్పేది. చక్రం ఆపితే ఎక్కం కూడా ఆగేది. బడిలో పంతులు నిలబెట్టి అడిగితే, పావడా అంచును వేళ్ళతో నలుపుతూ చెప్పేదట. అవ్వ ఏడిపించేది: "నీ తెలివంత ఏళ్ళల్లనే ఉన్నదే పిల్లా. ఉంగురం వెడ్తే ఊపిరాడక సస్తది."

దసరా మరునాడు పొద్దున్నే అరుగు మీద చాప వేశాను. హాస్టల్ మిత్రుడి వాచీ అడిగి తెచ్చుకున్నాను. చెల్లె తల దువ్వుకుని, పండుగ పావడా కట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చేతులు ఒళ్ళె వెట్టుకో."

"కాలేజీల అందరు గిట్లనే కూసుంటరా? మరి ఈగలు వాల్తెనో?"

నేను నవ్వలేదు. మొదటి ప్రశ్న అడిగాను. వాన మొదలైతే నువ్వేం చేస్తావు?

"నూలు లోపటికి తెస్త."

ఒప్పుకోదగ్గ జవాబులు కాగితం మీద ఉన్నాయి. గొడుగు వేసుకుంటాను. ఇంట్లోకి వెళతాను. మా వీధిలో మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు గంజి పెట్టి బయట ఎండకు చాచి ఉంచుతారు. చినుకు పడితే ముసలివాళ్ళు కూడా దానికోసమే పరుగెత్తుతారు, తాము తడవడం ఎవరికీ పట్టదు. నేనూ చిన్నప్పటి నుంచి అలా పరుగెత్తినవాణ్ణే. సున్నా వేశాను.

తర్వాత ఐదు అంకెలు చెప్పి, వెనక నుంచి ముందుకు చెప్పమన్నాను. ఒళ్ళో ఆమె చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. రెండు అంకెలు చెప్పి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వేళ్ళు పైకి లేచాయి.

"చేతులు," అన్నాను.

దించేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అన్నా, జర రాట్నం తెచ్చుకుంట. గప్పుడు అడుగు."

"రాట్నం గీట్నం ఏం లేదు. టైమైపోయింది."

ఇరవై ప్రశ్నలూ అలాగే నడిచాయి. లెక్కగట్టాను. మానసిక వయస్సు ఎనిమిది.

మధ్యాహ్నం ఆమె రాట్నం ముందు కూర్చుని, నేను అడగకుండానే ఆ ఐదు అంకెలూ తిరగేసి చెప్పింది. పొద్దున తప్పిన లెక్క కూడా చెప్పింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"అచ్చింది గదా! రాసుకో అన్నా, రాసుకో."

నేను రాసుకోలేదు. రెండోసారి చెప్పిన జవాబు లెక్కలోకి రాదని నియమం. నియమం ఉన్న మాట నిజమే. నేను ఆగింది దానికోసం కాదు.

సాయంత్రం, ఏం రాశావని బాపు అడిగాడు. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను.

"అంటే పిల్లకు బుద్ధి తక్కువన్నట్టా?"

"వయసుకు తగ్గట్టు లేదని."

"నువ్వంటున్నవా, కాలేజీ అంటున్నదా?"

"కాలేజే."

అవ్వ ఊరుకోలేదు. "ఏం కాలేజీరా అది? నా బిడ్డ పడుగుల పోగు తెగితే గడపల నిలవడి చెప్తది."

"నీకేం ఎరుక? గది శాస్త్రం," అని బాపు కసిరాడు. సంతకం చేయడం కూడా నా దగ్గరే నేర్చుకున్న మనిషి ఆయన. కాగితం మీద ఉన్నది తప్పు కావచ్చని ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఎవరి చదువు మాన్పించాలో తేల్చుకోలేక నెలల తరబడి మథనపడ్డాడు. ఇప్పుడు తేల్చే పని ఇంకెవరో చేసిపెట్టారు. ఆయన ముఖం తేలికపడింది. నా ముఖం కూడా తేలికపడే ఉంటుంది.

బడి తెరిచిన రోజు, నేను కరీంనగర్ బస్సు ఎక్కేముందు, బాపూ నేనూ పంతులు దగ్గరికి వెళ్ళాం. "లెక్కలల్ల గీ పిల్లనే ఫస్టు గదా, ఎందుకు మాన్పిస్తున్నరు?" అన్నాడు పంతులు. బాపు నేను లెక్క రాసిన కాగితం ముందు పెట్టాడు. పంతులు ఉర్దూలో చదువుకున్నవాడు. ఇంగ్లీషు అక్షరాల మీద కాసేపు వేలు నడిపి, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు. "కాలేజోళ్ళు సూసి చెప్పినంక నేనేం చెప్త," అని పట్టీలో పేరు కొట్టేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

కాలేజీలో లెక్చరర్ నా రికార్డు తరగతికి చదివి వినిపించాడు. "నూలు లోపటికి తెస్త" అన్నది మా యాసలోనే, చెయ్యి ఊపుతూ చదివాడు. తరగతంతా నవ్వింది. "వాన వస్తే తడవకూడదని కూడా తెలియని పిల్ల! పరిశీలన చక్కగా ఉంది," అన్నాడు. అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. నేనూ నవ్వాను.

తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు చెల్లె అడిగింది.

"అన్నా, గా ఎనిమిది పెరుగుతదా?"

"నువ్వు పెరిగితే అదీ పెరుగుతది. నీ ఈడోళ్ళను మాత్రం అందుకోదు."

పుస్తకంలో అలాగే ఉంది. ఆమె తల ఊపింది.

కొన్నాళ్ళకు అది ఆమె నోటి మాటైంది. ఎవరేం అడిగినా, "నన్నడుగకున్రి, నాకు తెలివి లేదని కాలేజీల తేలింది," అనేది. మొదట్లో నవ్వించడానికే అనేది. తర్వాత నవ్వకుండా అనేది. వీధిలో అది నిజమై కూర్చుంది. సంబంధాలు రాలేదు.

నాకు లక్సెట్టిపేటలో మాస్టరుద్యోగం వచ్చింది. ఆమెకు పద్దెనిమిదో ఏట దగ్గులో రక్తం పడుతోందని కబురొస్తే వెళ్ళి, అవ్వతో పాటు కరీంనగర్ ఆస్పత్రికి తీసుకొచ్చాను. దగ్గు ఎన్నాళ్ళ నుంచి అని డాక్టరు ఆమెను అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

"అన్న చెప్తడు సార్. నాకు సమజ్ గాదు."

నాకు తెలియదు. తెలియదని అనడానికి మొహమాటపడి, "రెండు నెలలు," అన్నాను. ఆయన రాసుకున్నాడు.

బయట బల్ల మీద కూర్చున్నాక అవ్వ చెప్పింది, బతుకమ్మ పండుగ నుంచి అని. అంటే ఏడు నెలలు.

"మరి లోపల ఎందుకు చెప్పలేదే?" అని చెల్లెను అడిగాను.

"నువ్వు చెప్పినంక నాదేముంటదన్నా," అంది. ఆ మాటలో కోపం లేదు.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళి ఏడు నెలలని చెప్పాను. డాక్టరు రెండును కొట్టేసి ఏడు రాశాడు. చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగాడు. ఆమె ఇంకా ఇరవై రెండు రోజులు బతికింది.