పిల్లి కక్కిన మెతుకులు

నా చిన్నప్పుడు తాడ్వాయిలో మా ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. తిన్నది తిన్నట్టే కక్కేది. బువ్వ పెట్టగానే గబగబా మింగి నాలుగడుగులు వేసేది. అంతలోనే మెడ చాచి, పొట్ట లోపలికి లాక్కుంటూ గుళుక్కు గుళుక్కుమనేది. మరుక్షణం ఇంటి నడుమ వెచ్చని ముద్ద పడేది. ఒక పొద్దున నిద్రకండ్లతో లేచి నేను సరిగ్గా దాంట్లోనే కాలు పెట్టాను. మెతుకులు జిగురుగా వేళ్ల సందుల్లోంచి పైకొచ్చాయి. పులిసిన పాల వాసన, నీచు వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ కాలు నాది కాదనిపించింది. ఆ పూట అన్నం కలపబోతే అన్నమే రోతగా కనిపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఒకరోజు అది, మా బాపు ఎవరిదో పెండ్లికి తొడుక్కుపోదామని తీసిపెట్టుకున్న తెల్లంగి మీద కక్కింది. బాపు గోనెసంచి తెచ్చాడు.

"ఈ గలీజు నాతోని కాదు. బస్సుల తీస్కపోయి ఎల్లారెడ్డి అంగట్ల ఇడిసిపెట్టొస్త" అన్నాడు.

అప్పుడు మా మేనత్త ఇంట్లోనే ఉంది. బాపుకు అక్క, ఎల్లారెడ్డి కోడలు. "నీకు మా ఊరే దొరికిందా తమ్మీ? జర ఆగు" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఆ అంగి ముందర కూర్చుంది. చీపురుపుల్లతో ఆ ముద్దను మెల్లగా విడదీసింది. నేను గడప దాటబోయాను.

"యాడికే? ఇటు రా. ముక్కు మూస్కో, కండ్లు మూస్కోకు" అంది.

ఆమెకూ ఓకరింపు వస్తోంది. గొంతు కదలడం నాకు కనిపించింది. అయినా లేవలేదు. "నెత్తురు లేదు, పురుగు లేదు. మెతుకు మెతుకులెక్కనే ఉన్నది సూడు. నమలలే, మింగింది. గంత ఆగం, గంత తొందరేంది దీనికి?"

నేను భయపడుతూనే చూశాను. నిజమే, ఒక్క మెతుకూ నలగలేదు. నాకు కోళ్లు గుర్తొచ్చాయి. పిల్లికి గిన్నె పెట్టగానే మా కోళ్లన్నీ ఎగబడేవి. పుంజు దాని మూతి మీదే పొడిచేది.

ఆ మాట చెప్తే అత్త లేచింది. కోళ్లను బయటికి తోలి తలుపు వేసింది. వెడల్పాటి పళ్లెంలో పిడికెడు బువ్వ పలచగా పరిచి పెట్టింది. మొదట పిల్లి బెదురుతూ రెండు వైపులా చూసింది. ఎవరూ రాలేదు. చెదిరిన మెతుకులను ఒక్కొక్కటే నాకుతూ చాలాసేపు తిన్నది. బాపు సంచి పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. ఎప్పుడు గుళుక్కుమంటుందా అని నేను కాళ్లు మంచం మీదికి లాక్కున్నాను. పిల్లి మూతి తుడుచుకొని, ఎండపొడలో ఒళ్లు విరుచుకొని పడుకుంది. బాపు సంచి దూలానికి వేలాడదీసి, ఆ అంగిని వేలి కొసలతో పట్టుకొని బావి దగ్గరికి నడిచాడు.

తర్వాత కూడా అప్పుడప్పుడూ వెంట్రుకల ఉండ కక్కేది, అదీ అసహ్యంగానే ఉండేది. కానీ తిన్న బువ్వ కక్కడం మాత్రం పోయింది.

చాలా ఏండ్ల తర్వాత, ఆఖరి రోజుల్లో బాపు మంచాన పడి, కామారెడ్డిలో నా దగ్గరే ఉన్నాడు. తిన్నది నిలిచేది కాదు. కక్కుకున్నప్పుడల్లా సిగ్గుతో గోడవైపు తిరిగేవాడు. ఒకరోజు నేను వంగి చూస్తే, పొద్దున వేసిన మందు గోలీ కరగకుండా అట్లాగే ఉంది. డాక్టరుకు చెప్తే మందు మార్చాడు.

"రోత పుడ్తలేదా బిడ్డా?" అని అడిగాడు బాపు.

"పుడ్తది బాపూ" అన్నాను, బట్ట తడిపి ఆయన గడ్డం తుడుస్తూ.

నిజంగానే పుడుతుంది. ఈ వయసులోనూ ఎవరు కక్కినా ముక్కు మూసుకుంటాను. కానీ నీళ్లు పోసి కడిగేముందు ఒక్క క్షణం ఆగి చూస్తాను.