నోట్లో గుడ్లున్న చేపను విడిచినందుకు

చేపను తిరిగి నీళ్లల్ల విడిచినందుకు మా సాయిలన్నను నేరస్తుణ్ణి చేసిండ్రు. కుంటల మందు కలిపిండని పేరు పెట్టి, పాస్‌పోర్ట్ మీద ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే ముద్ర, కొట్టి ఇంటికి తోలేస్తున్నరు. ఆయన చెయ్యి నీళ్లల్ల ఎందుకు పెట్టిండో తెలిసిన మనిషి ఈ గ్రూపులనే ఉన్నడు. తెలిసీ తెల్వదన్నడు. అందుకే ఇక్కడ రాస్తున్న.

మా చిన్నప్పుడు... కామునిపున్నం దాటి నీళ్లు జర వెచ్చవడంగనే మా ఊరి చెరువుల జిలేబీ చేపలు లోతు విడిచి ఒడ్డుకొచ్చేటివి. మోకాలులోతు నీళ్లల్ల తోకతోని బురద ఊడ్చి, గిన్నెల్లెక్క గుంతలు చేసుకునేటివి. కట్ట మీద నిలవడి చూస్తే ఆ గుంతలన్నీ కనవడేటివి...

బడి విడవంగనే సంచి ఇంట్ల పడేసి ఉరుకుడే. జొన్నదంటు బెండు, నైలాన్ దారం, ఒక గాలం... ఎర్రలు దొరకకుంటే అమ్మ పిసికిపెట్టిన రొట్టెపిండిల నుంచి ఓ ముద్ద మాయం. బెండు ఒక్కసారి బుడుంగున మునిగితే ఊపిరి బిగవట్టేటోళ్లం...

మా అందరికీ పెద్ద సాయిలన్న. మా వాడకట్టే. అప్పటికే మీసాలొస్తున్నయి. ఆయన ఒడ్డు మీదుంటే ఒక్కటే కాయిదా. చేప పడంగనే నోరు తెరిచి చూడాలె. జిలేబీ తల్లి గుడ్లను నోట్లనే పెట్టుకొని తిరుగుతది, పిల్లలైనంక గూడ అండ్లనే దాస్తది. పచ్చటి గుడ్లు కనవడితే విడిచిపెట్టాలె. విసిరెయ్యొద్దు, విసిరితే గుడ్లు కక్కేస్తది. చెయ్యి నీళ్లల్ల ముంచి, పిడికిలి మెల్లగ వదులు చేసి, అది దానంతట అది పోయేదాక అట్లనే కూసోవాలె.

అవతలి ఒడ్డు ఊరి పిలగాడు ఒకడుండె, నాకన్న పెద్దోడు. ఒకనాడు పెద్ద చేప పడితే నోరు చూడకుంటనే అంగీల చుట్టుకొని ఇంటికి ఉరికిండు. కొంచెంసేపటికి ఏడ్సుకుంట మళ్లొచ్చిండు, చేతుల నీళ్ల సర్వ, సర్వల ఆ చేప. వాళ్లమ్మ కడుగుదామని నోరు తెరిచి చూసి, తిట్టి, తిప్పి పంపిందట. నీళ్లల్ల చెయ్యి పెట్టి కూసున్నడు, ముక్కు చీదుకుంట. సాయిలన్న వాని పక్కన కూలవడి, "ఏడువకురా. మీ అమ్మ తిట్టి ఊకుంది. మా అమ్మయితే చీపురు తిరగేసేది" అన్నడు. అందరం పడీ పడీ నవ్వినం. వాడూ నవ్విండు...

ఆ పిలగాడే ఇయ్యాల ఈ అరబ్బు దేశంల, తబూక్ దిక్కు, మేం పనిచేసే మజ్రాల సూపర్‌వైజర్.

మజ్రా అంటే పెద్ద వ్యవసాయం. చూసినంత దూరం గోధుమ. నడుమ నీళ్లు నిలవబెట్టే కుంట, అడుగున ప్లాస్టిక్ పరిచిందే. పాచి తింటయని అండ్ల గూడ ఇవే జిలేబీలు పోసిండ్రు. సెలవునాడు పట్టుకొని వండుకోండని మజ్రా పెద్ద, ముదీరే చెప్పిండు. దొంగతనం ఏం లేదు.

పోయిన శుక్రవారం పొద్దున సాయిలన్న గాలం వేసిండు, నేను పక్కన ఉల్లిగడ్డ కోస్తున్న. చేప పడ్డది. నోరు తెరిచి చూసి ఎంత మురిసిండో... "అరే చిన్నా, ఇంత దూరమొచ్చినా ఇది గూడ నోట్లనే పెట్టుకుంటదిరా" అన్నడు. మోకాళ్ల మీద కూసొని, చెయ్యి ముంచి, అట్లనే ఉన్నడు. ఎదురుంగ బండి ఆపుకొని ముదీర్, సూపర్‌వైజర్ చూస్తున్నరు. సూపర్‌వైజర్ మాకు చెయ్యి గూడ ఊపిండు.

ఆదివారం చేపలు తెల్లగ తేలినయి, కుంట నిండ.

నీళ్లల్లకు గాలి కొట్టే మోటార్ అంతకుముందు నుంచే ఆగి ఉన్నది, గాలందకనే సచ్చినయి. నేనే పోయి చెప్పిన. చూద్దాం తియ్ అన్నడు సూపర్‌వైజర్. చూడలే. ఇగ ముదీర్ వచ్చి, ఆ మనిషి ఆనాడు నీళ్లల్ల చెయ్యి పెట్టి ఏం చేసిండని అడిగిండు. మోటార్ ఊసెత్తకుంట సూపర్‌వైజర్ అన్న మాట: "తెల్వదు. ఏదో కలిపినట్టే ఉన్నడు." నేను అక్కడనే ఉన్న. ఆపాటి అరబీ నాకు అర్థమైతది.

సాయిలన్న తనకొచ్చిన హిందీల చెప్పుకున్నడు, చేపను విడిచిన సాబ్, దాని నోట్ల పిల్లలున్నయని. ముదీర్ నవ్విండు. పట్టిన చేపను ఎవడన్న విడుస్తడా అన్నడు. ఆయన తప్పు లేదు, ఆయన మా చెరువు చూడలే. చూసినోడు పక్కనే నిలవడి చెప్పుల దిక్కు చూస్తున్నడు.

రూమ్‌కొచ్చినంక నేను ఎగిరిపడుతుంటే సాయిలన్న బట్టలు మడత పెట్టుకుంట, "పోనియ్‌రా, వానికి గూడ పిల్లలున్నరు" అన్నడు. నేను పోనియ్య. చేపల్ని చంపిండన్న పేరుతోని ఆయన ఆ కట్ట మీదికి ఎట్ల పోవాలె? ఊర్లె పిలగాండ్ల ముందర ఎట్ల నిలవడాలె?

మా చిన్నప్పుడు తల్లిచేపను ఇంటికి తెస్తే ఒళ్లంత సిగ్గయ్యేది... ఇప్పుడు విడిచినోడే తల దించుకొని పోవాలెనట.

మీ దిక్కు గూడ ఇట్ల విడిచేటోళ్లు ఉంటే కింద రాయండి. మీ చెరువు పేరు రాయండి, మీకు ఎవరు నేర్పిండ్రో రాయండి. నాలుగు లైన్లు చాలు. మా మజ్రా డ్రైవర్, పాకిస్తాన్ భాయ్, నేను హిందీల చెప్తే ఒక్కొక్కటి ముదీర్‌కు అరబీల చెప్తనన్నడు.

ఇగ సూపర్‌వైజర్ సాబ్, నీకు. శుక్రవారం సాయిలన్న విమానం. గురువారం సాయంత్రం అసర్ నమాజ్ లోపు నువ్వే ముదీర్ దగ్గరికి పోయి, ఆ చెయ్యి నీళ్లల్ల ఎందుకున్నదో చెప్పాలె. మోటార్ ఎన్నడు ఆగిందో గూడ చెప్పాలె. పోకుంటే అసర్ అయినంక నేను పోత, నాకు గూడ ఖురూజ్ కొట్టనియ్. చెప్తవా, చెప్పవా? జవాబు ఇన్‌బాక్స్‌ల వద్దు. ఇక్కడ, అందరి ముందర రాయి.